బోర్డు ఒక్కటే అన్న మనిషి

సార్ పోయారని పాత ఆఫీసు వాళ్ళ గ్రూపులో మెసేజ్ చూసినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయన నాకు చెప్పాల్సిన మాట ఒకటుంది. "ఆ పొద్దు తప్పు నాదప్పా" అని, నలుగురి ఎదుట. ఏడేళ్ళుగా ఆ మాట కోసం చూస్తున్నాను. ఎన్నోసార్లు నోరు విడిచి అడిగాను కూడా. ఆయనకు తీరిక లేకపోలేదు, మా ఇద్దరికీ మాటలు లేకపోలేదు. ఉన్నట్టుండి ఒక శుక్రవారం పొద్దున గుండె ఆగి వెళ్ళిపోయారు. ఇక నేను ఎవరిని అడగాలి?

నేను మరిచిపోయే మనిషిని కాను. ఎనిమిదో తరగతిలో నా గ్రాఫు పుస్తకం తీసుకుపోయి అట్ట లేకుండా తిరిగిచ్చినవాడి పేరు ఇప్పటికీ చెప్పగలను. కాబట్టి సార్ గురించి నేను చెప్పేదాంట్లో అతికింపులు ఉండవు.

తిరుపతిలో స్టీలు సామాన్ల కొట్టు పైన మా ఆఫీసు. తెర మీద పేరో నంబరో కనబడాల్సిన చోటికల్లా ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళం. లాడ్జీల్లో ఖాళీ గదుల పట్టిక, ఆసుపత్రుల్లో టోకెన్ నంబరు, కల్యాణ మండపాల్లో ఏ హాల్లో ఎవరి పెళ్ళి అన్న బోర్డు, ఇట్లాంటివి. నలుగురం రాసేవాళ్ళం, పైన సార్. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, బస్సులో పోయేవారు.

ఆయనకు ఒక అలవాటుండేది. మనకు ముఖ్యమైన మాట ఏదైనా చెప్పాలంటే కళ్ళజోడు తీసి మన కీబోర్డు మీద పెట్టేవారు. ఇక మనం ఒక్క అక్షరం కొట్టడానికి లేదు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు ఎదుటి మనిషి మొహం ఆనదు. అంటే మనం ఎంత చిరాకు మొహం పెట్టుకున్నా ఆయనకు ఇబ్బంది లేదు. చెప్పాల్సిందంతా చెప్పి, కళ్ళజోడు తీసుకుని, చొక్కా అంచుతో తుడుచుకుంటూ వెళ్ళేవారు. నేను అక్కడ పనిచేసిన మూడేళ్ళలో నా కీబోర్డు మీద ఆ కళ్ళజోడు పడ్డన్ని సార్లు మరెవరి కీబోర్డు మీదా పడలేదు.

ఆఫీసులో పరీక్షల కోసం పెద్ద టీవీ ఒకటుండేది. దాని రిమోటు ఆయన చొక్కా జేబులోనే. టీ తాగను పోయినా జేబులోనే. ఒకసారి దాన్ని జేబులో పెట్టుకునే చిత్తూరు బస్సెక్కి వెళ్ళిపోయారు. మరునాడు ఆయన బస్సు ఆలస్యమై, సగం పూట మేమందరం నల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాం.

"ఇంకో రిమోటు కొందాం సార్" అన్నాను.

"రెండుంటే ఇద్దరు నొక్కతారప్పా. అప్పుడు టీవీ ఎవురి మాట వినాల?" అన్నారు.

మా పని తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. ప్రోగ్రాములో క్లాసు అంటే ఒక పని అప్పజెప్పిన మనిషి లాంటిది. గేటు పని చూసేది ఒక క్లాసు, కాటా పని చూసేది ఇంకొకటి. అందరూ తమ తమ సంగతులు జనానికి చూపించేది మాత్రం ఒకే బోర్డు మీద. అది అందరిదీ. అందరిదీ అయినదాన్ని ఎవరు తాకాలి, ఎవరిని అడిగి తాకాలి అన్నదాని మీదే మా వృత్తిలో సగం తగాదాలు. కొన్ని ఆఫీసుల్లో బోర్డును నడివీధిలో పెట్టినట్టు పెడతారు, ఏ క్లాసైనా వచ్చి రాసుకుపోవచ్చు. సార్ అట్లా కాదు. ఆయన బోర్డు చుట్టూ గోడ కట్టి, గోడకు ఒక కిటికీ పెట్టి, ఆ కిటికీ ఎవరికి తెరవాలో తానే తేల్చేవారు.

"బోర్డు ఒక్కటే. పట్టుకోనుండేవాడు ఒక్కడే. మిగతావాళ్ళు అడగాల." ఇది వారానికి నాలుగుసార్లు వినేవాళ్ళం.

ఇంట్లోనూ అంతే. ఒకసారి పని మీద వాళ్ళింటికి వెళ్ళాను. గోడకు క్యాలెండరు. పాలు రాని రోజు, గ్యాసు మార్చిన రోజు, చీటీ పాట, అన్నీ అందులోనే, అన్నీ ఒకే చేతిరాత. వాళ్ళావిడ తప్ప ఎవరూ దాని మీద రాయకూడదట. సార్ దంతవైద్యుడి దగ్గరికి పోవాల్సిన తేదీ ఉంటే దాన్ని చిన్న చీటీ మీద రాసి ఆవిడకు ఇచ్చారు. ఆవిడ చీటీ చదివి, "ఆ పొద్దు కుదర్దు, మా చెల్లెలొస్తాది" అని తిరిగిచ్చేసింది. సార్ మారు మాట్లాడకుండా చీటీని జేబులో పెట్టుకున్నారు. పన్ను నొప్పితోనే.

ఇక నా సంగతి. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేము టోకెన్ల ప్రోగ్రాము రాశాము. సీజన్లో రైతులు తోతాపురి కాయలు ట్రాక్టర్లలో తెచ్చి వరుసలో నిలబెడతారు. గేటు దగ్గర టోకెన్ ఇస్తారు, ఒకచోట కాయ చూస్తారు, తర్వాత కాటా వేస్తారు. ఎవరి వంతు వచ్చిందో బయట గోడకు తగిలించిన పెద్ద తెర మీద కనబడాలి. గేటుకు, కాయ చూసేదానికి సార్ రాశారు. కాటా క్లాసు నాది. కాబట్టి నా క్లాసుకూ బోర్డు కావాలి.

"సార్, కాటాకు బోర్డు ఇయ్యండి" అన్నాను.

"ఇయ్యను."

"గేటుకు ఇచ్చినారు కదా?"

కళ్ళజోడు వచ్చి కీబోర్డు మీద పడింది. "గేటు ఆర్నెల్లుగా నా చేతికింద ఉండాది. నీ కాటా నిన్న పుట్టింది. దాంట్లో ఇంకా ఎన్ని తప్పులుండాయో నీకూ తెల్దు, నాకూ తెల్దు. రెండు వారాలు పోనీ. అంతదాకా నీ నంబరు గేటుకు చెప్పు, గేటు బోర్డుకు చెప్తాది."

"మధ్యలో గేటెందుకు సార్?"

"మా ఇంటికొస్తే నువ్వు నేరుగా వంటింట్లోకి పోతావా అప్పా?"

పక్క బల్లల దగ్గర ఇద్దరు నవ్వారు. ఒకరిప్పుడు బెంగళూరులో ఉన్నారు, ఇంకొకరు పెళ్ళి చేసుకుని పుత్తూరులో ఉన్నారు. ఇద్దరూ గుర్తున్నారు నాకు.

రెండోసారి మెయిలు పెట్టాను. బదులు రాలేదు. సాయంత్రం మెట్లు దిగుతూ "సూసినా" అన్నారు, అంతే. మూడోసారి బస్టాండు దాకా వెంటపడి అడిగాను. వేరుశనక్కాయల పొట్లం కొంటున్నారు. నా చేతిలో ఒక గుప్పెడు పోసి, "తిను" అని బస్సెక్కేశారు.

ఇవ్వకపోతే నేనేం చేయాలి? నా బోర్డు నేనే పుట్టించుకున్నాను. మా భాషలో అది ఒక్క లైను పని. ఉన్న బోర్డును అడగకుండా 'కొత్తది' అంటే చాలు, అచ్చం అట్లాంటిదే ఇంకొకటి వస్తుంది. అదే రంగు, అదే పెద్ద అంకెలు. ఆఫీసులో నా కంప్యూటరుకు తెర ఒకటే కాబట్టి నా బోర్డు సరిగ్గా సార్ బోర్డు మీద వచ్చి కూర్చుంది. నంబరు కొడితే మారింది. ఇంకేం కావాలి? ఎవరికీ చెప్పకుండా ఫ్యాక్టరీలో పెట్టేశాను.

ఫ్యాక్టరీలో తెరలు రెండు. కాటా గదిలో చిన్నది, బయట గోడకు పెద్దది. సార్ బోర్డుకు బయటి తెర మీదికి పోవాలని తెలుసు, ఆయన నేర్పారు. నా బోర్డుకు ఎవరూ ఏమీ నేర్పలేదు. అది పుట్టిన చోటే, కాటా గదిలోని చిన్న తెర మీదే తెరుచుకుంది.

దాన్ని పెట్టిన రోజు పొద్దున సార్, నేను ఇద్దరం అక్కడే ఉన్నాం, ఆయన గేటు గదిలో, నేను కాటా గదిలో. నలభై ఒకటి దాకా పాత పద్ధతిలో గేటు ద్వారానే నడిచింది, ఆ తర్వాత నా బోర్డు మొదలైంది. కాటా ఆపరేటర్ నలభై రెండు నొక్కాడు. ఎదురుగా అంత పెద్ద అక్షరాలతో నలభై రెండు కనబడితే, బయట కూడా కనబడుతోందనే అనుకున్నాడు. మూడు నిమిషాలు చూశాడు. ఎవరూ రాలేదు. 'రాలేదు' అన్న బొత్తాం నొక్కి నలభై మూడుకు పోయాడు. వాళ్ళూ రాలేదు. నలభై నాలుగు. "ఏం మనుషులబ్బా వీళ్ళు! వరసలో నిలబడేది, పిలిస్తే రానిది" అని నాతో అన్నాడు. నేనూ అవునన్నాను. అట్లా యాభై దాకా పోయాడు.

బయట తెర మీద నలభై ఒకటి అట్లాగే ఉంది. నలభై రెండో టోకెన్ ఒక పెద్దావిడది. ట్రాక్టరు నీడలో కూర్చుని బోర్డు మీద నుంచి చూపు తిప్పకుండా ఉందట. నీళ్ళు తాగను కూడా లేవలేదట, తన వంతు తప్పిపోతుందని. ఈ లోపల యాభై ఒకటో నంబరు వాడు బోర్డు సంగతి పట్టించుకోకుండా కాటా గది కిటికీలోంచి తొంగిచూసి, తన నంబరు కనబడితే బండి తోలుకుని వచ్చేశాడు. అంతే, బయట గోల మొదలైంది. తొమ్మిది టోకెన్లు రద్దు. రద్దయితే మళ్ళీ వరుస చివరికి పోవాలి, ఆ చివర హైవే మీద ఉంది. జూన్ ఎండ. ట్రాక్టర్ల కింద అప్పటికే రసం కారుతోంది. కాయ ఇంకాస్త మెత్తబడితే కాయ చూసేవాళ్ళు తీసుకోరు. ఆ తొమ్మిది మందికి ఏడాది పంట అది.

ఆ తొమ్మిదిలో నలభై ఏడు మా మేనమామది.

ఆపరేటర్ వాళ్ళకు సర్దిచెప్పడానికి బయటికి పరుగెత్తాడు. సార్ లోపలికి వచ్చారు. గదిలో మేమిద్దరమే. ఆయన చిన్న తెర చూశారు, కిటికీలోంచి పెద్ద తెర చూశారు. కళ్ళజోడు తీసి కీబోర్డు మీద పెట్టారు.

"దీన్ని ఎవురు పుట్టించినారు?"

"నేనే సార్. మీరు ఇయ్యలేదు కదా. మూడు తూర్లు అడిగినా."

"ఇది ఎవురికి కనపడతా ఉండాది?"

కనబడుతున్నది మా ఇద్దరికే.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాడినేమో. రెండు తెరలూ ఆపేశారు. బయటికి వచ్చి, ఒక అట్టపెట్టె మూత చించి, లారీల మీద రాసే సుద్దముక్కతో 42 అని ఇంత లావున రాసి నా చేతిలో పెట్టారు. గోడ పక్కన గుజ్జు నింపే ఖాళీ డ్రమ్ము ఒకటి బోర్లించి ఉంది.

"ఎక్కు" అన్నారు.

"సార్?"

"ఎక్కప్పా. ఈ పూట బోర్డు నువ్వే." తర్వాత గేటు వైపు, కాయ చూసేవాళ్ళ వైపు, కాటా వైపు తిరిగి గట్టిగా అరిచారు. "ఎవురూ రైతుల్ని పిలవొద్దండి. ఏమున్నా ఈయనకే చెప్పండి. ఈయన ఒక్కటే చూపిస్తాడు."

బి.టెక్ ఫస్టు క్లాసు నేను. రెండు వందల మంది రైతుల ఎదుట, నెత్తి మీద అట్ట పట్టుకుని, డ్రమ్మెక్కి నిలబడ్డాను.

"ఏందిరా అల్లుడా" అని కింద నుంచి మా మామ, "సాఫ్టువేరంటే ఇదేనా? ఇంతదానికి మా అక్క నిన్ను నాలుగేండ్లు చదివించిందే!"

"చేతులు రవ్వంత పైకెత్తు నాయనా, నాకు సరిగా ఆనడం లేదు" అంది నలభై రెండో టోకెను పెద్దావిడ.

పావుగంట గడవకుండానే మూడు వైపుల నుంచీ మొదలుపెట్టారు. కాటా నుంచి నలభై నాలుగు అంటారు. గేటు నుంచి "అరవై ఆరు బండి అడ్డం తీయమని రాయి" అంటారు. కాయ చూసేవాళ్ళు "నలభై మూడును వెనక్కి పిలువు" అంటారు. ముగ్గురూ ఒకేసారి. ఉన్నది ఒకటే అట్ట, రెండే చేతులు. మొదట ముగ్గురి మాటా వినబోయి, ఒక అంకె సగం రాసి చెరిపి, ఇంకోటి సగం రాసి చెరిపి, జనం చేత తిట్లు తిన్నాను. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండయ్యా! కాటా ముందు! నేను రాసేదాకా మిగతావాళ్ళు గమ్మునుండండి!" అని చివరికి నేనే అరిచాను. సార్ కాటా గది గుమ్మంలో నిలబడి విన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళారు.

తొమ్మిది మంది కాయలూ దిగాయి. ఒక్కరూ వెనక్కి పోలేదు. అది నేను ఒప్పుకుంటాను.

కానీ వినండి. సార్ నా బోర్డును తీసేసి, నా క్లాసుకు తన బోర్డు కిటికీ తెరిచి, బయటి తెర సరిచేయడానికి ఆయనకు పట్టింది ఇరవై నిమిషాలట. ఈ మాట ఆపరేటరే తర్వాత చెప్పాడు. నేను డ్రమ్ము మీద నిలబడింది మూడు గంటలు!

"బాగయినాక నన్నేంటికి దించలేదు సార్?" అని అడిగాను, మెడ మీద చర్మం మండుతుంటే.

"దిగమంటే రైతులు ఒప్పుకోలా. టీవీని నమ్మేదిలేదు, ఆ అబ్బోడే ఉండాల అన్నారు."

వారం తర్వాత ఆఫీసు ఓనరుకు రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఏ రోజు అడిగాను, ఏ రోజు నిరాకరించారు, ఎన్ని గంటలు ఎండలో ఉన్నాను, అన్నీ ఉన్నాయి. నేను కొత్త బోర్డు పుట్టించిన సంగతి మాత్రం రాయలేదు. రాయాల్సిన అవసరం నాకు కనబడలేదు. ఓనరు ఆ కాగితాలను నేరుగా సార్‌కే ఇచ్చారు. సాయంత్రం అవి నా బల్ల మీదికి తిరిగొచ్చాయి. ఎర్ర పెన్నుతో ఒకే ఒక దిద్దుబాటు. రెండోసారి అడిగింది మంగళవారం కాదు, బుధవారం. అది నిజమే. నేను రాయకుండా వదిలేసింది ఆయనా రాయలేదు. అప్పట్లో నేను దాన్ని గమనించనేలేదు. ఎర్ర గీతే కనబడింది నాకు.

ఆర్నెల్లకు వేరే ఆఫీసుకు మారాను. ఊరు అదే, బస్టాండు అదే. నెలకోసారైనా ఎదురయ్యేవారు.

"సార్, ఆ పొద్దు మీరు బోర్డు ఇచ్చుంటే..."

"ఇంకా దిగలేదా అప్పా డ్రమ్ము మీద నుంచి?"

"తప్పు మీదని ఒక్క తూరి చెప్పండి, దిగిపోతా."

"బస్సొచ్చింది" అనేవారు. నిజంగానే వచ్చేది. ఏడేళ్ళలో ఒక్కసారైనా ఆ చిత్తూరు బస్సు నా పక్షాన ఆలస్యంగా రాలేదు.

పదకొండో రోజు చిత్తూరు వెళ్ళాను. వీధిలో షామియానా వేశారు. లోపలికి పోయి వాళ్ళావిడకు నమస్కారం పెట్టాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఆ డ్రమ్మెక్కిన అబ్బోడివి కదా?"

"మీకెట్లా తెలుసమ్మా?"

"ఎవురికి తెల్దు నాయనా! ఇంటికి ఎవురొచ్చినా ఆయనకు ఇదే కత. 'అబ్బోడు మూడు తూర్లు అడిగినాడు, నేను ఇయ్యలా, నా తప్పుకు వాడు ఎండలో నిలబడినాడు' అని. వినీ వినీ నాకు నోటికొచ్చేసింది."

"నాకు చెప్పలేదమ్మా ఈ మాట" అన్నాను.

"నీకేంటికి చెప్తాడు? నువ్వు ఆడనే ఉంటివి గదా!" అంది ఆవిడ. "పో, బయట అందరూ కూర్చోనుండారు, అన్నం తిను."

బయట నా పక్కన ఆ వీధి దర్జీ కూర్చున్నాడు. నేనెవరో తెలియగానే విస్తరి వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ నలభై డ్రమ్ముల మీద ఎక్కించిన అబ్బోడివి నువ్వేనా?" అన్నాడు. ఒక్క డ్రమ్ము ఆయన దగ్గరికి వచ్చేసరికి నలభై అయింది. ఎదురు వరుసలో చిత్తూరు బస్సు కండక్టర్. ఆయన విన్న కథలో నేను సొమ్మసిల్లి పడిపోయానట, సార్ మొహం మీద నీళ్ళు చల్లారట. ఎవరి కథ వాళ్ళది. కానీ అన్నింటిలోనూ నేను నోరులేని మంచివాడిని, తప్పంతా సార్‌ది. ఏడేళ్ళుగా నేను కోరుకున్న మాట అదే. నలుగురి ఎదుట కాదు, నలభై మంది ఎదుట చెప్పారు. మొదట దర్జీ చెబుతుంటే హాయిగా విన్నాను. "ఇంకోసారి చెప్పండి" అని కూడా అన్నాను.

కండక్టర్ ఆగలేదు. "మంచోడేగానీ, ఆయప్పకు మొండి జాస్తి. అడిగినోడికి బోర్డు ఇస్తే ఆయన సొమ్మేం పోతాదబ్బా?"

"పోయేది" అన్నాను. నాకే తెలియకుండా లేచి నిలబడ్డాను. "ఇచ్చుంటే ఇంకా పెద్ద గోలయ్యేది. నా క్లాసులో అప్పటికి సవాలక్ష తప్పులు. అడ్డదోవన కొత్త బోర్డు పుట్టించింది నేను. ఆయనకు చెప్పకుండా ఫ్యాక్టరీలో పెట్టింది నేను. తొమ్మిది మంది పంట పోగొట్టబోయింది నేను. ఆయన తప్పేం లేదు."

షామియానా కింద అందరూ తినడం ఆపి నావైపు చూశారు. దర్జీ నా చెయ్యి పట్టి మెల్లగా కూర్చోబెట్టాడు.

"పోయినోళ్ళను ఏమీ అనకూడదని అట్ల చెప్తా ఉండావు. గొప్ప మనసప్పా నీది."

"మనసు కాదండీ, నిజం. తప్పు నాదే."

"ఆయనే ఆయన నోటితో చెప్పినాడు కదా, తనదని. ఆయన కంటే నీకు బాగా తెలుసునా? తిను, తిను. రసం చల్లారిపోతా ఉండాది."

కండక్టర్ కూడా అవునన్నట్టు తలూపాడు. ఇంకో నలుగురికి చెప్పి చూశాను. ఒక్కరూ నమ్మలేదు. ఆ రోజు కాటా గదిలో నేను పుట్టించిన బోర్డును కళ్ళారా చూసి, అది నాదేనని నా నోటితో విన్న మనిషి ఒక్కరే. ఆ ఒక్కరి ఫొటోకు అప్పుడే దండ మారుస్తున్నారు.